బల్బు ఉన్నన్నాళ్లు గది నాది

మా ఊరి మైసమ్మ మీద ఒట్టు. ఏళ్ల తరబడి డెవలపర్ నీళ్లలో నాని గోధుమరంగుకు తిరిగిన నా పది గోళ్ల మీద ఒట్టు. ఇక్కడ రాసిన ప్రతి మాటా నిజం.

నన్నెరిగినవాళ్లు ఇది చదివి నవ్వుతారని తెలుసు. విమానాశ్రయానికి నేల చదును చేస్తున్నప్పుడు బండల కింద ఏనుగు అస్థిపంజరం బయటపడిందని, దాని దంతానికి ఇత్తడి పొన్ను కూడా ఉందని చెప్పి మహేశ్వరం నుంచి ఆటోల్లో జనాన్ని రప్పించింది నేనే. ఏనుగు కనిపించక తిరిగి పోతూ వాళ్లు పెట్టిన శాపనార్థాలు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. కానీ ఇది ఏనుగు కథ కాదు. ఒక బల్బు గురించి, మా బావ గురించి. బావ మీద అబద్ధం కల్పించాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. ఆయన గురించి ఉన్నదున్నట్టు చెబితే చాలు, తిట్టినట్టే ఉంటుంది.

శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు పక్కన మాకో ముల్గి, అంటే షట్టరున్న దుకాణం, ఉండేది. మా బాపు కట్టించి, అక్క పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద ఆమెకు ఇచ్చాడు. ముందు భాగంలో బావ కూర్చునేవాడు. కంప్యూటరు, రంగుల ప్రింటరు, జిరాక్సు, లామినేషను అన్నీ ఆయనవి. వెనక రేకుల గది నాది. గోడలకు నల్లరంగు, కిటికీకి నల్లగుడ్డ, మూలన సిమెంటు తొట్టి, నెత్తిన ఒక ఎర్రబల్బు. ఆ గదిలో నేను నలుపు తెలుపు ఫొటోలు కడిగేవాణ్ణి.

గది నడుమ బల్ల మీద నా ఎన్లార్జరు. చూడనివాళ్ల కోసం చెబుతాను. నిలబెట్టిన ఇనుప కడ్డీకి ఒక తలకాయ బిగించినట్టుంటుంది. తలలో బల్బు, గొంతులో నెగెటివ్, నోట్లో లెన్సు అద్దం. బల్బు వెలిగితే వేలెడంత నెగెటివ్‌లోని మనిషి కింద పరిచిన కాగితం మీద నిండుగా పడతాడు. ఆ కాగితాన్ని మందునీళ్లలో ముంచితే మొదట కళ్లు వస్తాయి, తరువాత మీసం, చివరకు మిగతా మనిషి. ఆడవాళ్లయితే ముందుగా ముక్కుపుడక వస్తుంది. ఎందుకని అడగొద్దు, అట్లాగే వస్తుంది.

విమానాశ్రయం మొదలైన ఏడాది నుంచి శంషాబాద్‌లో మనుషులు ఎక్కువయ్యారు. క్యాబ్ డ్రైవర్లు, హోటళ్ల కుర్రవాళ్లు, గోదాముల కాపలాదార్లు, ప్లాట్ల బ్రోకర్లు, అందరికీ మొహం ఫొటో కావాలి, జిరాక్సు కావాలి, అదీ నిలబడ్డ పాటున కావాలి. బావ దగ్గర వరస కట్టేవారు. నా దగ్గరికి వచ్చేవాళ్లు వేరు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పాత నెగెటివ్ కొంగులో కట్టుకొని వచ్చి, పోయినవాళ్ల ఫొటో గోడకు పెట్టేంత పెద్దగా చేసియ్యమని అడిగేవాళ్లు. వాళ్లు తొందరపెట్టరు. తొందర బావకే.

ఒకనాడు పొద్దున్నే నేను వాళ్లింటికి పోతే, నన్ను కూర్చోనియ్యకుండానే బావ అందుకున్నాడు.

"బామ్మర్దీ, ఇగ ఖాళీ చెయ్. పెద్ద ప్రింటర్ వస్తున్నది. నీ చీకటికొట్టంల ఏమున్నది, బల్లులు దప్ప?"

"బల్లులే నయం బావా. గోడ మీదనే ఉంటయి. మనిషి నెత్తి మీదికెక్కయి."

బావ పొయ్యి వైపు తిరిగాడు. "ఏమే, విన్నవా నీ తమ్ముని మాటలు?" అని అరిచాడు.

అక్క పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతోంది. మా ఇద్దరి తగాదాలు విని విని ఆమె చేతులు రొట్టెను కాస్త గట్టిగానే తట్టేవి. ఆ రోజు రొట్టె మరీ పలచనైంది.

"అండ్ల పని ఉంటే కద గది కావాలె?" అన్నాడు బావ.

"బల్బు వెలిగినన్ని దినాలు పని ఉంటది" అన్నాను నేను.

అక్క పిండి చేతులు దులుపుకుంది. "అయితే ఇనుండ్రి ఇద్దరు. బల్బు ఉన్నన్నాళ్లు గది తమ్మునిది. బల్బు మాడిన్నాడు గది నీది. కొత్త బల్బు తెచ్చుడు గిచ్చుడు లేదు. ఇగ నా చెవులు తినకుండ్రి."

ఇద్దరం సంతోషంగా ఒప్పుకున్నాం. అక్కడే ఉంది తిరకాసు. వచ్చే పండగ దాకా కూడా బతకదు ఈ బల్బు అని ఆయన లెక్క. నా మొండితనం ముందు బల్బు ఎంత అని నా లెక్క.

కొత్త బల్బు తెద్దామన్నా అప్పటికే దొరకడం లేదు. కోఠిలో ఫొటో సామాను అమ్మే దుకాణాల్లో అడిగితే ఒకాయన నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇంకా బతికే ఉన్నరా మీలాంటోళ్లు?" అన్నాడు. మరి మామూలు ఇంటి బల్బు పెట్టుకోవచ్చు కదా అంటే, దానికీ ఒక కారణముంది. ఎన్లార్జరులో బల్బు తలకిందులుగా వేలాడుతుంది. మామూలు బల్బు నెత్తి మీద కంపెనీ గుర్తు, ఎన్ని వాట్లో ఆ అంకె అచ్చేసి ఉంటాయి. ఆ అచ్చు నీడ తిన్నగా వచ్చి ఫొటో మీద మచ్చవుతుంది. ఒకసారి పెట్టి చూశాను. ఒక పెళ్లికొడుకు చెంప మీద వాట్ల అంకె తెల్లగా, మసకగా వచ్చింది. అతని అత్తగారు అది బొల్లిమచ్చ అనుకొని, పెళ్లిచూపుల నాడు దీన్ని ఎందుకు దాచారని గొడవకు దిగింది. అందుకే ఎన్లార్జరు బల్బు వేరు. గాజు పాలలా తెల్లగా, నెత్తి మీద ఒక్క గీత కూడా లేకుండా నున్నగా ఉంటుంది. నా దగ్గర మిగిలింది అలాంటిది ఒక్కటే.

ఆ ఒక్కదాన్ని కాపాడుకోవడానికి నేను పడ్డ తిప్పలు పసిబిడ్డల తల్లులు కూడా పడి ఉండరు.

బల్బును చంపేది వెలగడం కాదు, వెలిగించడం. చల్లగా ఉన్న సన్నని తీగ మీదికి ఒక్కసారి కరెంటు దూకితే తీగ అదిరిపడుతుంది. అట్లా అదిరి అదిరి ఒకనాడు తెగుతుంది. మాడిన బల్బులన్నీ మీట వేసినప్పుడే మాడతాయి, మీ ఇంట్లో గమనించండి. అందుకని ఇంట్లో పాత సీలింగు ఫ్యాను రెగ్యులేటరు, ఆ బరువైన నల్లడబ్బా, ఊడదీసుకొచ్చి బల్బుకు కలిపాను. ముందు ఒకటి మీద పెడితే తీగ బీడీ నిప్పులా ఎర్రబడేది. కాసేపాగి రెండు, తరువాత మూడు. నాలుగు దాటనిచ్చేవాణ్ణి కాదు. వెలుగు తక్కువైనందుకు కాగితం ఎక్కువసేపు పరిచి ఉంచాలి, అంతే. ఇంట్లో ఫ్యాను తిరగక మా ఆవిడ ఎండాకాలమంతా నాతో మాట్లాడలేదు. అదీ ఒక లాభమే అనుకున్నాను.

ఒకసారి వెలిగించాక ఆర్పేవాణ్ణి కాదు. అద్దం కింద ఒక ఎర్రగాజు ముక్క తిప్పి పెడితే ఆ వెలుగుకు కాగితం చెడదు. కాగితాలు మార్చుకునేటప్పుడు దాన్ని అడ్డం పెట్టి, రోజు పనంతా ఒక్క వెలుగుతో ముగించేవాణ్ణి. బల్బును ఉత్త చేత్తో ముట్టేవాణ్ణి కాదు. చేతికుండే జిడ్డు గాజుకు అంటితే అక్కడే వేడి పట్టి పాడవుతుంది. బాపు పాత ధోవతి చింపి, ఉతికి, ఆ మెత్తని గుడ్డతోనే పట్టుకునేవాణ్ణి. తలకాయకు గాలి ఆడే చిల్లుల్లో బల్లి గుడ్లు పెడితే, గుడ్లను ఓపిగ్గా తీసి బావ ప్రింటరు వెనక పెట్టాను. అవి అక్కడే పిల్లలయ్యాయి.

వీటన్నిటికన్నా పెద్ద శత్రువు ఆకాశంలో ఉండేది. విమానం దిగే ముందు మా రేకులు గజగజ వణికేవి. వేడెక్కిన తీగకు కుదుపు తగిలితే తెగుతుంది. ఎన్లార్జరు పీట కింద సైకిల్ ట్యూబు ముక్కలు పరిచాను. చప్పుడు దూరంగా వినగానే పని ఆపి, దాని తలను రెండు చేతులా పట్టుకొని నిలబడేవాణ్ణి, జ్వరం మనిషిని పట్టుకున్నట్టు. కొన్నాళ్లకు రేకుల వణుకు బట్టి అది దుబాయి నుంచి వచ్చిందో ఢిల్లీ నుంచి వచ్చిందో చెప్పగలిగే స్థాయికి వచ్చాను. దుబాయి విమానం బరువుగా వణికిస్తుంది, అందరి పెట్టెల్లో బంగారం ఉంటుంది కదా. బావ పైలట్లతో మాట్లాడుకున్నాడని నాకు అప్పుడూ అనుమానమే, ఇప్పుడూ అనుమానమే.

పైలట్ల సంగతి ఎట్లున్నా, కిందివన్నీ బావ పనులే. నా గదికి వచ్చే తీగకే తన లామినేషను మిషనూ కూలరూ తగిలించాడు. రెండూ నడుస్తుంటే నా బల్బు నీరసంగా వెలిగేది. రెండూ ఒక్కసారి ఆపేసేవాడు. అప్పుడు కరెంటు ఎగిరి నా బల్బు మీద పడేది. గోడ అవతల నుంచి టక్ టక్ మని రెండు మీటల చప్పుడు, దాని వెనకే చిన్న దగ్గు. ఆ దగ్గుకు నేను స్టెబిలైజరు కొన్నాను. కరెంటు కోతల కాలంలో అయితే ఆయనకు పండగే. కరెంటు పోయి వచ్చేటప్పుడు మొదటి దెబ్బ గట్టిగా ఉంటుంది. పోగానే నేను పరుగున ప్లగ్గు పీకేవాణ్ణి. కోత లేని రోజున కూడా బావ మెయిన్ దింపి ఎక్కించేవాడు.

"ఏం చేస్తున్నవు బావా?"

"ఫ్యూజు చూస్తున్న."

"పొద్దుగాల గూడ చూసినవ్ కద?"

"పొద్దుగాల సరిగ కనవడలే."

రోజూ షట్టరు ఎత్తగానే ఆయన నన్ను పలకరించే పద్ధతి ఇదీ: "ఏంది బామ్మర్దీ, ఇంక సావలేదా నీ దీపం?"

"లేదు బావా. నీ కండ్లు సల్లగుండ, మస్తుగ వెలుగుతున్నది."

"ఎన్ని దినాలు సాగదీస్తవు దాన్ని? సెలైను గూడ ఎక్కియ్యరాదు?"

"నీ ప్రింటరు గుడ్లు పెట్టిందంట గద, మందు నువ్వు చూపెట్టుకో."

ఇది సరసం అనుకునేరు. కాదు. బావాబామ్మర్దులు వేళాకోళమాడితే పక్కన ఎవరో ఒకరు నవ్వుతారు. మా ముల్గిలో జిరాక్సుకు వచ్చినవాళ్లు కాగితాలు పట్టుకొని నేల చూపులు చూసేవాళ్లు. పెళ్లిళ్లలో ఒకే బంతిలో కూర్చోవడం మానేశాం. ఒకే వాడకట్టులో ఉండి, సుఖమో దుఃఖమో అక్క నోటి ద్వారా తెలుసుకునేవాళ్లం. ఆయనకు ఆ గది అక్కర ఉందని నాకు తెలుసు. పెద్ద ప్రింటరు పెట్టె విప్పకుండానే ముందు గదిలో గోడకు చేరవేసి ఉండేది, దాని మీద ఆయన అన్నం గిన్నె పెట్టుకొని తినేవాడు. నాకు ఆ గది పోతే ఇంకో పని రాదని ఆయనకూ తెలుసు. తెలిసి కూడా ఇద్దరం మెత్తబడలేదు.

ఇట్లా ఏళ్లు గడిచాయి. బల్బు మాడలేదు. బావకు జుట్టు రాలింది.

చివరి దసరాకు కొన్నాళ్ల ముందు ఒక అవ్వ వచ్చింది, మహేశ్వరం దిక్కు ఊరు. సిగరెట్ పెట్టెలోని వెండికాగితంలో చుట్టిన నెగెటివ్ తీసి నా అరచేతిలో పెట్టింది. వెలుతురుకు పట్టి చూస్తే గుర్తొచ్చింది. అది నేను తీసిన ఫొటోనే. వాళ్ల చెల్క పొలంలో బోరు పడ్డనాడు నన్ను స్కూటరు మీద తీసుకుపోయారు. ఎగజిమ్మే నీళ్ల ముందు తలపాగా చుట్టుకొని, నవ్వొద్దని బిగపట్టుకొని నిలబడ్డ మనిషి. పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి ఆ మొహం గోడ మీద ఉండాలి.

"మొకం పెద్దగ రావాలె బిడ్డా. బోరు అక్కర్లే. ఆ బోరు గూడ ఎండిపోయింది."

"దసర ఎల్లంగనే చేసిస్త అవ్వా."

"గా ముంగట కూసున్నాయన కంప్యూటర్ల చేస్త అంటున్నడు. ఎవరాయన?"

"ఆయన మాటలు నమ్మకు. ఆయన చేస్తే మనిషి రంగులేసిన బొమ్మ లెక్క అయితడు."

గోడ అవతల దగ్గు వినిపించింది.

దసరా అంటే మాకు ఆయుధపూజ. నాగలి ఉన్నవాడు నాగలికి, ఆటో ఉన్నవాడు ఆటోకు పూజ చేస్తాడు. పండగ నాడు ఏ పనిముట్టునూ పనికి వాడరు. ముందురోజే అన్నిటినీ కడిగి తుడిచి పెట్టాలి. నేను ఎన్లార్జరును విప్పి దుమ్ము దులిపి, బల్బును ధోవతి గుడ్డతో తీసి, ట్రేలో దూది పరిచి, దాని మీద పడుకోబెట్టాను. పండగ పొద్దున బంతిపూల కోసం బజారుకు పోయాను. నేను వచ్చేసరికి అక్క పళ్లెంతో వచ్చి పూజ చేసి వెళ్లిపోయింది. కెమెరాలకు, కంప్యూటరుకు, స్కూటరుకు, జిరాక్సు మిషనుకు, రెగ్యులేటరు నల్లడబ్బాకు కూడా పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టింది. నేను లైటు వెయ్యకుండానే మీదనుంచి ఒక దండ వేసి తలుపు మూశాను.

సాయంత్రం జమ్మి దగ్గర ఇంకో ఇబ్బంది. జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారమని చెప్పుకోవాలి, అలాయ్ బలాయ్ చేసుకోవాలి. ఎంత పగవాళ్లయినా ఆ పూట తప్పించుకోలేరు. నలుగురూ చూస్తుండగా బావ నా అరచేతిలో ఆకు పెట్టి రెండు చేతులా గట్టిగా హత్తుకున్నాడు.

"వచ్చే దసరకు గదిల నా ప్రింటరుంటది సూడు" అన్నాడు నా చెవిలో.

"ఉంటది బావా. దానికి కొబ్బరికాయ నీ నెత్తి మీద కొడత" అన్నాను ఆయన చెవిలో.

చూసేవాళ్లు మా ప్రేమకు మురిసిపోయారు.

మర్నాడు గదిలోకి పోయి తలుపు బిగించి, ఎర్రబల్బు వేసుకొని, దండ తీసి, గుడ్డతో బల్బు పట్టుకొని ఎన్లార్జరు తలలో బిగించాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎర్రని వెలుతురులో ఎరుపు కనిపించదు. తెల్లకాగితం మీద ఎర్రసిరాతో రాసి ఆ గదిలో చూడండి, ఉత్త కాగితమే కనిపిస్తుంది. పసుపూ అంతే, తెలుపులో కలిసిపోతుంది. పాలలాంటి నా బల్బు నున్నని నెత్తి మీద, ఏ కంపెనీవాడూ గీత గీయడానికి సాహసించని చోట, మా అక్క నూనెతో కలిపిన పసుపు రాసి, అర్ధరూపాయంత కుంకుమ బొట్టు పెట్టి ఉంది. అది నాకు కనిపించలేదు.

రెగ్యులేటరు ఒకటి, రెండు, మూడు. తలపాగాకు పైన చోటు వదిలి, మొహాన్ని కాస్త కిందికి దించి, నుదురు నట్టనడుమకు వచ్చేట్టు కాగితం సర్దాను. ఏదో మాడుతున్న వాసన వచ్చింది. బావ లామినేషను వాసన అనుకొని ఆయన్నే తిట్టుకున్నాను. కాగితాన్ని నీళ్లలో ముంచాను. కళ్లు వచ్చాయి. మీసం వచ్చింది. తలపాగా వచ్చింది. నుదుటి మీద మాత్రం గుండ్రంగా, అంచులు మెత్తబడ్డ తెల్లటి మచ్చ నిలబడిపోయింది. బొట్టు వెలుగుకు అడ్డమైతే అక్కడ కాగితం నల్లబడదు కదా.

పగటి వెలుతురులోకి తెచ్చి చూసేదాకా అది మచ్చ అని నమ్మలేదు. బయట బెంచీ మీద అవ్వ కూర్చొని ఉంది. పక్కన బావ నిలబడి, మెడ సాచి, ఇంత పెద్ద నవ్వు సిద్ధం చేసుకున్నాడు. చేసేదేం లేక తడి ఫొటో అవ్వ ముందు పట్టాను.

అవ్వ చూసింది. దగ్గరికి లాక్కొని చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకొని మళ్లీ చూసింది.

"ఓయమ్మో! బొట్టు పెట్టుకున్నడు!" అంది. "బతికినన్నాళ్లు, జర బొట్టు పెట్టుకోవయ్యా, పండుగ దినం గుడి కాడికి పోతున్నమంటే, నేనేమన్న ఆడిదాన్నా అని నా మీదికే ఎగిరెటోడు. సచ్చినంక పెట్టుకున్నడు సూడు!"

ఇంకోటి శుభ్రంగా చేసిస్తానన్నా వినలేదు. ఆరీ ఆరకముందే కొంగులో పెట్టుకొని, బావ వైపు ఒక చూపు చూసి, బస్సుకు పోయింది. బావ నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

ఆగిన నవ్వుతో ఆయన నా గదిలోకి జొరబడ్డాడు. అన్నేళ్లలో మొదటిసారి. చేతిలో లామినేషను బల్ల తుడిచే తడిగుడ్డ.

"మీ అక్క నీ బల్బుకు గూడ బొట్టు పెట్టినట్టున్నది గద. ఏడున్నది? జర జూపియ్."

"బావా, బయటికి నడువు. బల్బు వేడిమీదున్నది."

"గింత బొట్టు తుడువనీకి గంత లొల్లి ఎందుకు బామ్మర్దీ? నీకు చాతగాదు, నన్ను తుడువనియ్."

నేను తలుపు దగ్గర, ఆయన బల్ల దగ్గర. నేను రెండడుగులు వేసేలోగా బల్బుతో సహా తలకాయ మూత ఎత్తి, వెలుగుతున్న బల్బు నెత్తిన తడిగుడ్డ పెట్టాడు.

టప్.

పెద్ద చప్పుడు కూడా కాదు. సెనక్కాయ ఒలిచినంత. విమానాలకు, కోతలకు, కూలరుకు తట్టుకున్న బల్బు చల్లటి గుడ్డకు పోయింది. ఇద్దరం ఎర్రవెలుగులో ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"మాడింది" అన్నాడు బావ. "గది నాది."

"మాడలే. నువ్వు పలగ్గొట్టినవ్. మాడితె నీది గని, పలగ్గొడితె నీదెట్లయితది?"

"బల్బు ఉందా లేదా? లేదు గద!"

"నీ ప్రింటరు మీద బండేస్త, అది గూడ ఉండదు. అప్పుడు నీ షట్టరు గూడ నాదేనా?"

కాలర్లు పట్టుకున్నామని రాయడానికి సిగ్గుగా ఉంది గానీ పట్టుకున్నాం. ట్రే తట్టుకొని మందునీళ్లు ఒలికి ఇద్దరి ప్యాంట్లూ తడిశాయి. జిరాక్సుకు వచ్చిన ఒక క్యాబ్ డ్రైవరు పోయి అక్కను పిలుచుకొచ్చాడు.

అక్క గడపలో నిలబడి మా ఇద్దరి వాదనలూ పూర్తిగా విన్నది. విని, గాజుపెంకు ఒకటి కాగితంతో ఎత్తి చూసింది. దాని మీద సగం కాలిన కుంకుమ ఉంది.

"బొట్టు నేనే పెట్టిన. పండుగనాడు పనిముట్టుకు బొట్టు పెట్టద్దా?" అంది. "ఇన్నేండ్ల సంది గది నాదంటె నాదని కొట్టుకుంటున్నరు. గీ ముల్గి మా బాపు నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిండు. గది మీ ఇద్దర్ల ఎవ్వరిది గాదు. నడువుండ్రి బయటికి."

బావ నోరు తెరిచాడు. "ఆ డబ్బ ప్రింటరు గూడ నా ముల్గిలనే ఉన్నది, యాదుంచుకో" అంది అక్క. బావ నోరు మూశాడు. ఆ ఒక్క క్షణం ఆయన మీద నాకు జాలి కలిగి ఉండొచ్చు. వెంటనే సర్దుకున్నాను.

వారంలోపు నల్లగుడ్డ పోయి కిటికీ తెరుచుకుంది. గోడలకు సున్నం పడింది, అయినా నలుపు ఇంకా లోపలినుంచి తొంగిచూస్తుంది. అక్క పెద్ద గ్రైండరు పెట్టించి, ఇడ్లీపిండి దోసెపిండి రుబ్బి అమ్మడం మొదలుపెట్టింది. క్యాబ్ డ్రైవర్ల గదులకు, రోడ్డు పక్క హోటళ్లకు ఆమె పిండే పోతుంది. మినపప్పు నా సిమెంటు తొట్టిలోనే నానుతుంది. నానబెట్టే ముందు తొట్టిని చింతపండుతో ఎన్నిసార్లు తోమిందో మైసమ్మకు తెలుసు. ఇడ్లీలు తెల్లగానే వస్తున్నాయి. గ్రైండరు తిరిగినప్పుడల్లా బావ కంప్యూటరు తెర వణుకుతుంది. నేను ఆ వణుకు చూడటానికే రోజూ ఒకసారి పోయి ముందు బెంచీ మీద కూర్చుంటాను. పెళ్లిళ్లకు కెమెరా మోస్తున్నాను ఇప్పుడు. ఫొటోలు బావ దగ్గరే ప్రింటు తీయించాలి, దగ్గర్లో ఇంకెక్కడా లేదు. ఇద్దరం మాట్లాడుకోం. ఎన్ని ఫొటోలు కావాలో రాసిన కాగితం బల్ల మీద పెడతాను, ఆయన తీసుకుంటాడు.

ఇక మొదట పెట్టిన ఒట్టు సంగతి. మైసమ్మతో పేచీ పెట్టుకోవడం నాకిష్టం లేదు కాబట్టి చెప్పేస్తున్నాను. ఇందులో నేను కల్పించింది ఒక్కటే చోట ఉంది. ఏనుగు కాదు, బొల్లిమచ్చ కాదు, పైలట్లు కాదు. అవ్వ.

అవ్వ నా ఫొటో చూసి మురిసిపోలేదు. "గిదేంది బిడ్డా, నొసటి మీద పుండు లెక్క? గీయన మా ఆయన గాదు" అంది. నెగెటివ్ తిరిగి తీసుకొని ముందు గదిలోకి పోయింది. బావ దాన్ని షట్టరు పక్క అద్దానికి టేపుతో అంటించి, వెనకనుంచి వచ్చే ఎండలో తన కెమెరాతో ఒక్క ఫొటో తీశాడు. కంప్యూటరులో నలుపును తెలుపు చేసి తెలుపును నలుపు చేశాడు. మొహం నిండుగా వచ్చింది. ఎండకు బల్బు అక్కర్లేదు, రెగ్యులేటరు అక్కర్లేదు. నేను తీసిన ఫొటోలోని ఆ బిగపట్టిన నవ్వు కూడా పోకుండా వచ్చింది. అప్పుడు అవ్వ, ఒక బొట్టు పెట్టు బిడ్డా అని అడిగితే, బావ మౌసు జరిపి ఎర్రగా ఒక చుక్క పెట్టాడు. ఆ తరువాతే తడిగుడ్డ పట్టుకొని నా గదిలోకి వచ్చాడు. అక్కడినుంచి మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

అవ్వ అన్న మాటలు మాత్రం అక్షరం మార్చలేదు. "సచ్చినంక పెట్టుకున్నడు సూడు" అని ఆమె నిజంగానే అంది, కళ్లు తుడుచుకుంటూనే అంది. నేను తలుపు సందులోంచి విన్నాను. అన్నది బావ చేతిలో ఉన్న ఫొటోను చూసి. గది పోయిందంటే పోయింది. ఆ మాట కూడా ఆయనకే వదిలెయ్యడం నా వల్ల కాలేదు.